పన్నెండు నిమ్మకాయలు, రెండు కార్లు

మొన్న దసరాకి నేను నిమ్మకాయల దగ్గర దొరికిపోయాను. అవునండీ, నిమ్మకాయల దగ్గరే. నవ్వడానికి ఇంకా టైముంది, ముందు టీ తీసుకోండి.

మన వాట్సాప్ గ్రూపులో ఎలక్ట్రిక్ కార్లు మజిల్ కార్లని, అంటే పెద్ద ఇంజన్ల పెట్రోల్ కార్లని, రీప్లేస్ చేస్తాయా చెయ్యవా అని రెండేళ్ళుగా గొడవ నడుస్తోంది కదా. నేను ఏ పార్టీయో మీకు తెలుసు. ఎనిమిది సిలిండర్ల పార్టీ. నా నల్ల కారు తాళం తిప్పితే సౌండ్ ముందు ఛాతీలో తెలిసి, ఆ తర్వాత చెవికి వినిపిస్తుంది. మా ఇంట్లో దాని పేరు ఏనుగు. పేరు పెట్టింది మా ఆవిడ వాణి. ముద్దుగా పెట్టిందనుకునేరు, కాదు.

ఆవిడ బాధ ఆవిడది. నేను పొద్దున ఆరున్నరకి ఆఫీస్‌కి బయల్దేరితే వంటింట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి టింగుమనేవి. ఎదురింటి పెద్దాయన ఒకరోజు వచ్చి, "నీ కారు నాకు అలారం క్లాక్ లాంటిది, థాంక్స్. కానీ నేను రిటైరయ్యాను" అని చెప్పి వెళ్ళాడు. ఇంతలో మా అమ్మాయి సహస్రకి లెర్నర్స్ పర్మిట్ వచ్చింది. వాణి కూర్చోబెట్టి మాట్లాడింది.

"పిల్ల డ్రైవింగ్ నేర్చుకోవాలి. ఆ ఏనుగు మీద నేర్పిస్తారా? నా పాత కారు ఇచ్చేసి ఈవీ తీసుకుందాం. నాకెలాగూ వర్క్ ఫ్రమ్ హోమే, మీకు ఆఫీస్ పది నిమిషాలు. ఒక్క కారు చాలు మనకి. ఏనుగుని అమ్మెయ్యండి."

ప్రతి మాటా కరెక్టే. అందుకే నాకు ఒళ్ళు మండింది. అయినా సరే అన్నాను. ఈవీ వచ్చింది, దాని ఛార్జింగ్‌కి గరాజ్ గోడకో ప్లగ్ వచ్చింది. తెల్లగా, బుద్ధిగా, తొక్కితే చడీ చప్పుడు లేకుండా పోయే కారు. స్పీడ్ లేదని నేననను. ఉంది, మా ఏనుగు కన్నా ఎక్కువే ఉంది. కానీ పెళ్ళి భోజనం గుళికల రూపంలో మింగినట్టుంటుంది నాకు.

ఏనుగుని అమ్మడానికి మనసొప్పలేదు. వాణితో ఏం చెప్పానంటే, తుల్సాలో ఒక డీలర్ ఉన్నాడు, ఇలాంటి కార్లు తన షెడ్‌లో పెట్టుకుని నిదానంగా అమ్మిపెడతాడు, అక్కడ వదిలేసి వస్తానని. మా ఊరు బెంటన్‌విల్ నుంచి తుల్సా రెండు గంటల దూరం. నేను పన్నెండు నిమిషాల్లో చేరాను. ఎందుకంటే వెళ్ళింది పక్క ఊరు సెంటర్‌టన్‌లో ఉన్న మల్లేశ్ ఇంటికి. మల్లేశ్ ఆఫీస్‌లో మా టీమే, కరీంనగర్ మనిషి, గరాజ్‌లో మూడు కార్లకి చోటుంది. కారు అక్కడ పెట్టి, కవర్ కప్పి, తుల్సా వెళ్ళొచ్చేంత టైమ్ అవ్వాలి కాబట్టి వాళ్ళింట్లో రెండుసార్లు భోంచేశాను. సాయంత్రం మల్లేశే నన్ను ఇంటి దగ్గర దింపాడు. వాణి బయటికొచ్చి, "అంత దూరం నుంచి తీసుకొచ్చారు, థాంక్స్ అన్నయ్యా" అంది. వాడు కారు దిగకుండానే, "ఏమున్నది వదినా, దగ్గర్నే" అన్నాడు. నేను గబగబా వాణిని లోపలికి తీసుకెళ్ళాను.

అప్పట్నుంచీ ప్రతి శనివారం మల్లేశ్ ఇంటికి టీకని పోవడం, ఏనుగుని స్టార్ట్ చేసి పావుగంట కూర్చోవడం, వచ్చెయ్యడం. వాణి నెలకోసారి అడిగేది.

"తుల్సాలో ఎవరైనా చూశారా కారుని?"

"ఇంకా లేదు. మార్కెట్ డల్‌గా ఉంది."

"పాపం," అనేది, అంతే.

భయం లేదంటే అబద్ధం. కారు సంగతి బయటపడితే కారు పోతుంది, అది ఒక ఎత్తు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో వాణితో నేను చెప్పిన అతి పెద్ద అబద్ధం అదే, దానికి ఏం శిక్ష ఉంటుందో నాకు అనుభవం లేదు. అది ఇంకో ఎత్తు.

ఇక ఎండాకాలంలో నేను వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్ళి, స్లాట్ దొరక్క ఏడు వారాలు ఇరుక్కుపోయాను గుర్తుందా. వచ్చిన శనివారమే మల్లేశ్ ఇంటికి పరిగెత్తాను. ఏడు వారాలు కదలని కారు. బ్యాటరీ చచ్చే ఉంటుందని భయపడుతూ తాళం తిప్పాను. ఒక్క తిప్పుకి లేచింది. వాణి మన గ్రూపులో లేదు కాబట్టి ధైర్యంగా ఆ వీడియో తీసి పెట్టాను. దాని కింద ఏం రాశానో మీలో ఎవరూ మర్చిపోయి ఉండరు. "ఏడు వారాలు తిండి లేకుండా పడుకుంది, ఒక్క పిలుపుకి లేచింది. నిజమైన కారుకి గోడతో పని లేదు." ఈవీలు ఉన్నవాళ్ళెవ్వరూ ఆ రోజు మళ్ళీ నోరెత్తలేదు. ఆ మాట నాకెంత నచ్చిందంటే ఆఫీస్‌లో కూడా రెండుసార్లు వాడుకున్నాను.

సరే, దసరా వచ్చింది. మన వాళ్ళం వాహనానికి పూజ చెయ్యకుండా ఉండగలమా? ఏనుగు వచ్చిన దగ్గర్నుంచీ ఆరేళ్ళు వరసగా బొట్టు పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాను. ఈ ఏడు కొత్త కారుకి చేసి దానికి చెయ్యకపోతే ఎలా? నాకు దేవుడికి కోపం వస్తుందన్న భయం కన్నా ఏనుగు అలుగుతుందన్న భయం ఎక్కువైంది.

శుక్రవారం వాణి ఇండియన్ స్టోర్ లిస్ట్ ఇచ్చింది. అందులో నిమ్మకాయలు ఎనిమిది అని ఉంది. కారుకి నాలుగు, పులిహోరకి నాలుగు అనుకున్నాను. నేను పన్నెండు తెచ్చాను. ఎనిమిది ఆవిడ చేతికిచ్చి, నాలుగు లాప్‌టాప్ బ్యాగ్‌లో ఛార్జర్ పక్కన దాచాను. ఆ సాయంత్రం లత, అంటే మల్లేశ్ వాళ్ళావిడ, బతుకమ్మ ఆటకని వచ్చి వాణినీ సహస్రనీ తీసుకెళ్ళింది. నాకు అనుమానమే రాలేదు. ఎందుకొస్తుంది?

శనివారం పొద్దున డ్రైవ్‌వేలో ఈవీకి పూజ. సహస్ర కుంకుమ గిన్నె పట్టుకుని కారు చుట్టూ తిరుగుతోంది.

"అమ్మా, దీనికి ఇంజన్ లేదు కదా. బొట్టు వేర్ పెట్టాలి?"

"ఎక్కడో చోట పెట్టవే. దేవుడికి తెలుసు."

బానెట్ ఎత్తితే లోపల ఖాళీ డబ్బా. వాణి అందులోంచే కొబ్బరికాయ తీసింది. నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టింది. నేనెక్కి మెల్లగా ముందుకి పోనిచ్చాను. కిచ్, కిచ్ అని వినపడింది. ఆరేళ్ళు ఏనుగుతో తొక్కించాను గానీ నిమ్మకాయ చితికితే శబ్దం వస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ సంగతి పైకి చెప్పలేదు.

హారతి అవ్వగానే బ్యాగ్ భుజాన వేసుకున్నాను. "మల్లేశ్ వాళ్ళకి పులిహోర ఇచ్చి వస్తా," అన్నాను.

"వాళ్ళు గుడికి వెళ్తున్నారుగా. మమ్మల్నీ పికప్ చేసుకుంటామన్నారు."

"పర్లేదు, గరాజ్ కోడ్ నాకు తెలుసు. ఫ్రిజ్‌లో పెట్టి వచ్చేస్తా."

"పులిహోర ఇవ్వడానికి లాప్‌టాప్ బ్యాగ్ ఎందుకు?"

"ఆఫీస్‌లో ప్రొడక్షన్ ఇష్యూ ఉంది. కాల్ రావచ్చు."

ఈ ప్రొడక్షన్ ఇష్యూ అన్న మాటకి మన ఇళ్ళల్లో ఎదురు ప్రశ్న ఉండదు. పెళ్ళిలో తాళి కట్టే టైమ్‌కి చెప్పినా లేచి దారిస్తారు. వాణి నా మొహం వైపు కాసేపు చూసి, "సరే, జాగ్రత్తగా ఫిక్స్ చెయ్యండి," అంది.

మల్లేశ్ ఇంటికి చేరేసరికి ఎవరూ లేరు. కోడ్ కొట్టాను, గరాజ్ తలుపు పైకి లేచింది. ఏనుగు ముందుభాగం వీధి వైపు పెట్టి ఉంటుంది. కవర్ లాగాను.

లాగి అలాగే నిలబడిపోయాను. బానెట్ మీద పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. అద్దం దగ్గర చామంతి దండ. నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు, నున్నగా, ఇంకా తొక్కించకుండా. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మల్లేశ్ ఎంత స్నేహితుడండీ. నేను నోరు తెరిచి అడగకుండానే నా కారుకి పూజ చేశాడు. తోడబుట్టినవాళ్ళు కూడా చెయ్యరు అనుకున్నాను.

అయినా తెచ్చిన నిమ్మకాయలు వెనక్కి తీసుకెళ్ళడం బాగుండదు కదా. నావి కూడా చక్రానికొకటి పెట్టాను. చక్రానికి రెండైతే దిష్టి ఇంకా గట్టిగా పోతుంది. ఎక్కి కూర్చోబోతే మోకాళ్ళు స్టీరింగ్‌కి కొట్టుకున్నాయి. సీటు బాగా ముందుకి జరిగి ఉంది. మల్లేశ్ ఆరడుగుల మనిషి. వాడు ఇంత ముందుకి జరుపుకుంటే అద్దంలోంచి బయటికొస్తాడు. లత కూర్చుని ఉంటుందిలే, స్టీరింగ్‌కి బొట్టు పెట్టాలి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చెప్పుకోవడంలో నన్ను మించినవాడు లేడు.

తాళం తిప్పాను. ఒక్క తిప్పుకి లేచింది. గరాజ్ గోడల మధ్య ఆ సౌండ్ వింటే మీరూ పార్టీ మారతారు. కళ్ళు మూసుకుని రెండుసార్లు యాక్సిలరేటర్ నొక్కి, గేర్ వేసి, నిమ్మకాయల మీదుగా ముందుకి పోనిచ్చాను. కిచ్ వినపడలేదు. ఏమీ వినపడలేదు. అదే కదా అందం. ఇంకాస్త పోనిచ్చాను. ఏదో వెనక్కి పట్టి లాగుతున్నట్టు అనిపించింది. హ్యాండ్‌బ్రేక్ సగం పడి ఉందేమో అనుకుని ఇంకొంచెం గట్టిగా తొక్కాను. పట్టు వదిలింది. డ్రైవ్‌వే మీదికి వచ్చి, తృప్తిగా అద్దంలోకి చూస్తే వెనక అంతా ఎర్రగా ఉంది.

కుంకుమ ఎక్కువైందేమో అనుకున్నాను. ఇంజన్ ఆపి దిగాను.

కుంకుమ కాదు. ఆవకాయ.

జరిగిందేమిటంటే, బానెట్ సందులోంచి ఒక నల్ల వైరు బయటికొచ్చి, కారు పక్కనే నేలమీదుగా వెళ్ళి, గోడకున్న ప్లగ్‌లో పెట్టి ఉంది. నేను చూడలేదు. ఆ వైరు మధ్యలో లత పచ్చళ్ళ ర్యాక్ కాలికి చుట్టుకుని ఉంది. నేను కారు లాగితే వైరు ర్యాక్‌ని లాగింది. ఏడాదికి సరిపడా ఆవకాయ, మాగాయ, గోంగూర, అన్నీ గాజు సీసాలే, సగం ఏనుగు డిక్కీ మీద, సగం నేల మీద. అన్ని సీసాలు పగిలితే వీధి చివరికి వినపడాలి. నా ఎనిమిది సిలిండర్ల మహిమ, అడుగు దూరంలో ఉన్న నాకు వినపడలేదు.

ఆ నూనె వదిలించాలని వంటింట్లోంచి పేపర్ టవల్స్ తెచ్చి తుడుస్తుంటే అది తగ్గేది పోయి నున్నగా పరుచుకుంటోంది. పిండి కొట్టినట్టు నా చొక్కా నిండా ఆవపిండి. అప్పుడు వీధి మలుపులో మల్లేశ్ వ్యాన్ కనిపించింది. ఏనుగుని మళ్ళీ లోపల పెట్టే టైమ్ లేదు. పెట్టినా ఆ వాసన ఎక్కడ పెడతాను?

వ్యాన్ ఆగింది. ముందు మల్లేశ్ దిగాడు, తర్వాత లత. వెనక తలుపు జరిగింది. వాణి, సహస్ర.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. వాణి నన్ను చూడలేదు. మెల్లగా కారు దగ్గరికి వెళ్ళి, గరాజ్ నేల మీదికి వంగి, చితికిన నిమ్మకాయల్ని చూసింది. వేలితో చూపిస్తూ ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. ఎనిమిది అయ్యాక లేచి నిలబడింది.

"మన ఇంటి దగ్గర నాలుగు తొక్కించారు. ఇక్కడ నేను పెట్టినవి నాలుగు. మరి ఈ ఇంకో నాలుగు ఎక్కడివి? మూడో కారు ఎక్కడ దాచారు?"

నాకు మొదట ఆ మాటలో మూడో కారు ఒక్కటే వినపడింది. "మూడో కారు లేదు వాణీ, ఒట్టు, ఇదొక్కటే దాచాను," అన్నాను. గబుక్కున నాలిక కరుచుకున్నాను. అప్పుడు, నేను పెట్టినవి అన్న ముక్క బుర్రకెక్కింది.

"నువ్వు పెట్టావా?"

"నిన్న బతుకమ్మకి వచ్చినప్పుడు పెట్టా. తొక్కించేది మాత్రం మీరే కదా అని వదిలేశా. అది చూద్దామనే గుడికి పోకముందే ఇటొచ్చాం."

మల్లేశ్ వైపు తిరిగాను. వాడు ఆకాశంలోకి చూస్తున్నాడు. లతే మాట్లాడింది. "ఏందన్నా, ఇంత పెద్ద కారు మా గరాజ్‌ల పెట్టి నాకు తెల్వకుండ ఉంటదనుకున్నవా? మొదటి రోజు నువ్వు రెండోసారి అన్నం తింటుంటెనే వదినకు ఫోన్ చేసిన."

మొదటి రోజే. అంటే ఆ తుల్సా ప్రశ్నలూ, ఆ పాపం అనడాలూ. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఏడాది పాటు నేను పావుగంట చొప్పున తాగాను, ఇల్లంతా చుట్టూ నిలబడి చూసింది. సహస్ర నా చెయ్యి పట్టుకుని ఓదార్చింది. "ఎవ్రీబడీ న్యూ, నాన్నా."

"మరి ఈ వైరేంటి?" అన్నాను. మాట మార్చాలి కదా.

వాణి చెప్పింది. నేను హైదరాబాద్‌లో ఉన్న మూడో వారంలో, కారు పాడైపోతుందేమో ఒకసారి స్టార్ట్ చేద్దామని వచ్చిందట. బ్యాటరీ చచ్చిపోయి ఉందట. "మీరొచ్చి చూసి బెంగపెట్టుకుంటారని బ్యాటరీ ఛార్జర్ తెచ్చి గోడకి పెట్టించా. అప్పట్నుంచీ దాని మీదే ఉంది."

మల్లేశ్ గొంతు సవరించుకున్నాడు. "ప్రతి శనివారం నువ్వొచ్చే ముందట నేనే వైర్ పీకి దాస్త అన్నా. సీటు గూడ ఎన్కకు జరుపుత. ఇయ్యాల గుడికి పోయే తొందరల మర్చిపోయిన. పచ్చళ్ళ పాపం నాదే."

"సీటెందుకు జరపడం?"

వాణి మొదటిసారి కొంచెం తడబడింది. "బుధవారాలు మీరు ఆఫీస్‌లో ఉన్నప్పుడు లత వచ్చి నన్నిక్కడికి తీసుకొస్తుంది. బ్యాటరీ బాగుందో లేదో చూద్దామని మొదట ఈ వీధి చివరిదాకా వెళ్ళా. తర్వాత వారం పశువుల పొలాల దాకా వెళ్ళా. అక్కడ రోడ్డు ఖాళీగా ఉంటుంది." ఆగి, చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "తొక్కితే బాగుంటుందండీ అది."

ఆరేళ్ళు దాన్ని ఏనుగు అని తిట్టిన మనిషి. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. "సారీ వాణీ," అన్నాను. "చెప్దామనే అనుకున్నా."

"ఎప్పుడు?"

"అమ్ముడుపోయాక."

అందరూ నవ్వారు. వాణి కూడా నవ్వింది, కానీ తర్వాత పక్కకి తీసుకెళ్ళి నెమ్మదిగా అంది. "కారు దాచినందుకు నాకు కోపం రాలేదు. మీకంత ప్రాణమని తెలుసు. తుల్సా అన్నారు చూడండి, అందుకు వచ్చింది. ప్రతి నెలా అడిగింది మీరు చెప్తారేమో అనే." ఆవకాయ చేతులతో దండం పెడితే ఆవిడ చేతుల మీదకి నూనె కారింది. అంతటితో వదిలేసింది.

ఆ మధ్యాహ్నం అంతా నేనూ మల్లేశూ గిన్నెల సబ్బుతో ఏనుగుని మూడుసార్లు కడిగాం. ఇంకా ఎండ తగిలితే మాగాయ వాసన వస్తుంది. లతకి మా ఇంట్లో పచ్చళ్ళన్నీ అప్పగించాం. కారు ఇంటికొచ్చింది. పొద్దున ఎనిమిదికి ముందు స్టార్ట్ చెయ్యకూడదని వాణి రూల్ పెట్టింది. ఎదురింటి పెద్దాయన దాన్ని చూసి నిట్టూర్చి లోపలికి వెళ్ళిపోయాడు.

రాత్రి గరాజ్ లైటు ఆర్పబోతూ సహస్ర ఆగింది. ఒకే గోడ, పక్కపక్కనే రెండు ప్లగ్గులు. ఒకదానికి ఈవీ, ఒకదానికి ఏనుగు. "సో, నాన్నా, రెండూ ప్లగ్-ఇన్ కార్లేనా?" అంది. నిజమైన కారుకి గోడతో పని లేదన్న నా సూక్తిని దయచేసి గ్రూపులోంచి డిలీట్ చెయ్యండి. నేను చేస్తుంటే వాట్సాప్ టైమ్ దాటిపోయిందంటోంది.

ఇప్పుడు మీరు మళ్ళీ అడుగుతారు, ఇంతకీ ఈవీలు మజిల్ కార్లని రీప్లేస్ చేస్తాయా అని. నన్నడక్కండి, ఏనుగు ఇంట్లోనే ఉన్నా నేను వాణి తిరిగే బుధవారమే కాదు, సోమవారం కూడా ఆఫీస్‌కి ఈవీలోనే పోతున్నాను. ఏనుగు వాణి దగ్గర ఉంటోంది. వీకెండ్ నన్ను కూడా ఎక్కించుకుని పొలాల దాకా తీసుకెళ్తోంది. సీటు ముందుకే ఉంది, దాన్ని వెనక్కి జరపడం నేను మానేశాను. పక్క సీట్లో కూర్చుంటే ఆ అవసరం రావట్లేదు.